ఖీర్‌గంగాలో వ్యూ మగాళ్లకి, గోడ మనకి

ఖీర్‌గంగా వెళ్లొచ్చిన మగాళ్ల ఇన్‌స్టా చూడండి, అందరిదీ ఒకటే ఫోటో. ఛాతీ దాకా వేడినీళ్లు, చుట్టూ ఆవిరి, ఎదురుగా మంచు కొండలు, మనవాడు అటు తిరిగి చేతులు చాచుకుని కూర్చుని ఉంటాడు. ఇప్పుడు అదే చోటికి వెళ్లొచ్చిన ఆడవాళ్ల ఫోటోలు చూడండి. దేవదారు చెట్ల మధ్య ఉంటుంది, మ్యాగీ ప్లేటు పట్టుకుని ఉంటుంది, టీ కొట్టు ముందు ఉంటుంది. నీళ్లలో మాత్రం ఉండదు. సిగ్గుపడి పెట్టలేదనుకునేరు. అక్కడ ఫోటో తీస్తే వెనకాల గోడ తప్ప ఇంకేం పడదు, అదీ సంగతి.

తెలియని వాళ్లకి చెప్తా. ఖీర్‌గంగా అంటే కొండ మీద వేడినీళ్ల బుగ్గ. హిమాచల్‌లో కులూ జిల్లా, పార్వతి లోయ. మన హైదరాబాద్ పిల్లలు వారాంతం కలిసొస్తే చాలు పరిగెత్తే కసోల్ అక్కడిదే. కసోల్, మణికరణ్ దాటి బర్షైనీ దాకా బస్సు వెళ్తుంది, ఆ తర్వాత నడకే. నక్తాన్ ఊరి మీదుగా వెళ్తే ఇంచుమించు 12 కిలోమీటర్లు. రుద్రనాగ్ జలపాతం దాకా ఏదో కబుర్లు చెప్పుకుంటూ వెళ్లిపోతాం, అక్కడ వంతెన దాటాక అడవిలో ఎక్కుడు మొదలవుతుంది చూడండి, అప్పుడు కబుర్లు వాటంతటవే ఆగిపోతాయి. పైకి చేరేసరికి 2,900 మీటర్ల ఎత్తు దాటతాం. ఈ దారిలో ఆడవాళ్లకి వేరే దారీ, మగాళ్లకి వేరే దారీ లేదు. రాళ్లు అవే, బురద అదే, మోకాళ్ల నొప్పి అదే. పైకెళ్లాక మాత్రం వేరుచేస్తారు.

మగాళ్లకి శివుడి గుడి దగ్గర పెద్ద కొలను, ఆకాశం కింద, లోయ వైపు తెరిచి ఉంటుంది. మాకు గోడలు కట్టిన తొట్టి.

నేను, మా అన్నయ్య, మా వదిన వెళ్లాం. వదినది భద్రాచలం వైపు. గోదావరి ఒడ్డున గుండాల అని ఉంది, విన్నారో లేదో, అక్కడ ఏటి ఇసుకలో గుంట తవ్వితే వేడినీళ్లు ఊరతాయి. అందుకని ఆవిడకి వేడినీళ్ల బుగ్గ అంటే పెద్ద వింతేం కాదు, కొండలు చూస్తూ నీళ్లలో కూర్చోవచ్చని నేను ఊరిస్తేనే బయల్దేరింది. లోపలికి అడుగుపెట్టి నాలుగు వైపులా చూసి, "ఇదేంటమ్మా, బాత్రూము! దీనికా నన్ను ఇంత దూరం నడిపించావ్?" అంది. నా దగ్గర సమాధానం లేదు.

నీళ్లు మాత్రం అద్భుతం, అది ఒప్పుకోవాలి. గంధకం వాసన ముక్కుకి అలవాటు పడటానికి కాసేపు పడుతుంది. నీళ్లలో సన్నటి తెల్లటి పొరలు తేలుతూ వేళ్లకి చుట్టుకుంటాయి. బూటు ఒరుసుకుని బొబ్బలెక్కిన మడమ నీళ్లలో పెట్టగానే చురుక్కుమంది, తర్వాత ఆ కాలు నాది కాదేమో అన్నంత హాయి. మా పక్కన ఒక కొండ ఊరి పెద్దావిడ కళ్లు మూసుకుని మెడ దాకా మునిగి కూర్చుంది. ఆవిడకి ఎదురుగా గోడ, గోడ మీద ఎవరిదో తడి చున్నీ.

అవతల మా అన్నయ్య గంట సేపు నానాడు. బయటికొచ్చి, మబ్బు ఎట్లా విడిపోయిందో, శిఖరం మీద ఎండ ఎట్లా పడిందో ఒకటే వర్ణన. వదిన తల తుడుచుకుంటూ, "మీరు చూశారు కదండీ, చాలు, మాకూ పుణ్యం వచ్చేసి ఉంటుంది" అంది. ఆయన ఇక మాట్లాడలేదు.

ఇప్పుడు చోద్యం వినండి. ఆ లోయ పేరు పార్వతి, పక్కన పారే నది పార్వతి. కింద మణికరణ్‌లో ఆ ఉడుకు నీళ్లు ఎందుకొచ్చాయని అడిగితే, పార్వతీదేవి చెవి కమ్మ నీళ్లలో పడిపోయింది, ఆ మణి కోసమే ఇదంతా అని కథ చెప్తారు. పైన ఖీర్‌గంగాలో తపస్సు చేసుకుంటున్న కార్తికేయుడి కోసం పారిన పాయసమే ఈ ధార అంటారు, పరశురాముడు దాన్ని నీళ్లుగా మార్చాడట. అంటే లోయ ఆవిడది, నది ఆవిడది, పోయిన కమ్మ ఆవిడది, పాయసం తాగింది ఆవిడ కొడుకు. రేపు ఆవిడే స్వయంగా స్నానానికి వస్తే ఆ గోడల మధ్యకే పంపిస్తారు.

కథ వద్దు సైన్సు చెప్పమంటారా? అక్కడ అగ్నిపర్వతం ఏమీ లేదు. వాన నీరూ మంచు కరిగిన నీరూ రాతి పగుళ్లలోంచి చాలా లోతుకి దిగి, భూమి లోపలి వేడికి కాగి, మళ్లీ పగుళ్ల వెంటే పైకి తన్నుకొస్తుంది. మణికరణ్‌లో అయితే ఆ వేడికి గురుద్వారాలో అందరికీ ఉచితంగా పెట్టే లంగర్ అన్నం ఉడుకుతుంది. బుగ్గ ఒకటే, ఆడా మగా తేడా దానికి లేదు, ఆ పంపకం మనం పెట్టిందే.

సరే, గోడ ఎందుకు కట్టారో నాకు తెలీదా? తెలుసు. మేము బయటికొచ్చేసరికి మగాళ్ల కొలను గట్టు మీద పది మంది కుర్రాళ్లు ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నారు, ఆ ఫ్రేములో ఎవరు పడుతున్నారో వాళ్లకి పట్టనే పట్టదు. గోదావరి పుష్కరాల్లో చూడలేదా, చీరతో మునిగి లేచే ఆడవాళ్లని ఎవడో ఒకడు తీస్తూనే ఉంటాడు. ఫోన్ ఎత్తేది వాళ్లు, గోడల మధ్య కూర్చునేది మేము. ఈ లెక్క ఎవరికీ తేడాగా అనిపించదు, అదే నా మంట.

నేను గోడ కూల్చమనట్లేదు, అర్థం చేసుకోండి. జనం నిలబడే వైపు గోడ ఉంచండి, ఇంకో రెండు అడుగులు పెంచినా సంతోషమే. మనిషి నిలబడలేని లోయ వైపు ఎందుకు? అటు నడుము ఎత్తు గోడ చాలు. అదీ కుదరదంటే ఇంకా తేలిక మార్గం ఉంది. జపాన్‌లో ఇలాంటి వేడినీటి స్నానాల చోట్లు బోలెడు, వాటిలో చాలా చోట్ల ఆడవాళ్ల కొలను, మగాళ్ల కొలను పూటకోసారో రోజుకోసారో మార్చేస్తారు, రెండు వైపుల అందమూ అందరికీ దక్కాలని. దానికి సిమెంటు అక్కర్లేదు, రూపాయి ఖర్చు లేదు, ఆడవాళ్లకా మగాళ్లకా అని చెప్పడానికి గుమ్మానికి వేలాడే బట్ట మారిస్తే సరి. ఖీర్‌గంగాలో పొద్దున పది దాకా పెద్ద కొలను ఆడవాళ్లకి ఇస్తే మగాళ్లకి పోయేదేంటి? వాళ్లు ఎలాగూ రాత్రి పాటలు పెట్టుకుని తెల్లారాక పడుకునే బాపతు.

"అక్కడంతా ఎప్పటినుంచో అంతే, ఎవరూ ఏం మార్చలేరు" అని మా ఆఫీసులో ఒకాయన అన్నాడు. 2018లో హైకోర్టు ఆదేశం వస్తే అదే కొండ మీద టెంట్లు పీకించేశారు కదా సార్. చెత్త గురించి, టెంట్ల గురించి అడిగారు కాబట్టి కదిలింది. ఈ గోడ గురించి ఎవరూ అడగలేదు, ఎందుకంటే ట్రెక్ వీడియోలు చేసేది ఎక్కువగా గోడ అవతలి వాళ్లే. "లేడీస్‌కి సెపరేట్ ఫెసిలిటీ ఉంది" అని ఒక్క ముక్క చెప్పి, కెమెరా మళ్లీ కొండల వైపు తిప్పేస్తారు.

వెళ్లాలనుకునే అమ్మాయిలకి నాలుగు మాటలు. వానాకాలం వద్దు, కొండచరియలు విరిగిపడతాయి. ముదురు రంగు చుడీదార్, ఇంకో జత పొడి బట్టలు, తువ్వాలు పెట్టుకోండి. సబ్బు, షాంపూ నీళ్లలోకి తీసుకెళ్లకండి. బీపీ ఉన్నవాళ్లు ఎక్కువసేపు కూర్చోకండి, అంత ఎత్తులో వేడినీళ్లు తల తిప్పుతాయి. పైకెళ్లాక అక్కడి వాళ్లని ఒక్క ప్రశ్న అడగండి, పెద్ద కొలను ఆడవాళ్లకి ఏ టైములో ఇస్తారని. ఇవ్వరనే చెప్తారు. అయినా అడగండి, మీ తర్వాత వచ్చేవాళ్లనీ అడగమనండి. మా వదిన అడిగింది, వచ్చీరాని హిందీలో, చేతులు తిప్పుతూ. వాళ్లు నవ్వారు. ఆవిడ మళ్లీ అడిగింది.