జేమ్స్ వెబ్ బిగ్ బ్యాంగ్‌ని కొట్టెయ్యలేదు

విజయనగరంలో మా వీధి వాట్సాప్ గ్రూపులో మొదలై, పిల్లల స్కూలు గ్రూపుల దాకా ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. విశ్వం పుట్టిన కొత్తలోనే రాక్షస బ్లాక్‌హోల్స్ ఉన్నట్టు జేమ్స్ వెబ్ టెలిస్కోపు చూసిందట, అవి అంత తొందరగా పెరగడం అసాధ్యమట, కాబట్టి విశ్వం పుట్టుకని చెప్పే బిగ్ బ్యాంగ్ సిద్ధాంతం అబద్ధమట. అవి తమ గెలాక్సీలనే మింగేస్తున్నాయట, రేపు మన వంతట, సైంటిస్టులు దాస్తున్నారట. టెన్త్ పిల్లలు భయపడి అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

రాక్షస బ్లాక్‌హోల్స్ ఉన్న మాట నిజం. యూహెచ్‌జెడ్1 అనే గెలాక్సీలో, బిగ్ బ్యాంగ్ తర్వాత సుమారు 47 కోట్ల ఏళ్లకే, కోటి నుంచి పది కోట్ల సూర్యులంత బరువున్న బ్లాక్‌హోల్ ఉందని 2023లో ప్రకటించారు. వెబ్ ఆ గెలాక్సీని చూస్తే, చంద్ర అనే మరో అంతరిక్ష టెలిస్కోపు దాని ఎక్స్-కిరణాలను పట్టింది. ఆ గెలాక్సీలో నక్షత్రాలన్నీ కలిపినా దాదాపు అంతే బరువు. మన పాలపుంత మధ్యలో ఉన్నది 43 లక్షల సూర్యుల బరువు, అది మన నక్షత్రాల మొత్తంలో పదివేలో వంతు కూడా కాదు. ఈ తేడా నిజంగా ఆశ్చర్యమే.

అయితే అసాధ్యం అనడం తప్పు. బ్లాక్‌హోల్ తినే వేగానికి ఒక హద్దుంది, లోపలికి పడే పదార్థం వేడెక్కి చిమ్మే వెలుగే వెనక వచ్చేదాన్ని బయటికి నెడుతుంది, దాన్నే ఎడింగ్టన్ పరిమితి అంటారు. ఆ హద్దులో తింటూ పోతే బరువు రెట్టింపు కావడానికి సుమారు మూడున్నర కోట్ల ఏళ్లు పడుతుంది. చచ్చిపోయిన నక్షత్రం మిగిల్చిన వంద సూర్యుల బరువుతో మొదలుపెడితే టైము చాలదు, నిజమే. పెద్ద వాయుమేఘమే నేరుగా కూలిపోయి లక్ష సూర్యుల బరువుతో మొదలైతే లెక్క సరిపోతుంది. కోయంబత్తూరులో పుట్టిన ఖగోళ శాస్త్రవేత్త ప్రియంవద నటరాజన్ బృందం ఇలాంటి గెలాక్సీలు వెబ్‌కి ఎలా కనిపించాలో 2017లోనే, అంటే వెబ్ ఎగరకముందే లెక్కగట్టింది. కొద్దికాలం ఆ హద్దు దాటి తిని ఉండొచ్చనే వాదన కూడా ఉంది. ఏది ఎంత అన్నది ఇంకా తేలలేదు, అసలు గొడవంతా అవి ఎంత బరువుతో మొదలయ్యాయి, ఎంత వేగంగా తిన్నాయి అన్నదాని గురించే.

ఇంకోటి, అంత దూరంలో ముందుగా దొరికేవి బాగా వెలిగే పెద్దవే, చిన్నవి కంటపడవు. మా ఊరి పైడితల్లమ్మ జాతర సిరిమానోత్సవం నాడు దూరపు మేడ మీంచి చూస్తే, పూజారి కూర్చునే ఎత్తైన సిరిమానే కనిపిస్తుంది, కింద జనం కనబడరు. అలాగని జనం లేరంటామా?

ఇక బిగ్ బ్యాంగ్. ఆ 47 కోట్ల ఏళ్లన్న అంకె వచ్చిందే బిగ్ బ్యాంగ్ లెక్క నుంచి! ఆ లెక్క అబద్ధమైతే "అంత తొందరగా" అనడానికే ఆధారం లేదు. 1965లో దొరికిన నేపథ్య వికిరణం (విశ్వపు తొలి వేడి మిగిల్చిన మసక వెలుగు), విశ్వంలో హీలియం వాటా, ఈ రెండూ ఆ లెక్కకి సాక్ష్యాలు, వీటిని ఏ బ్లాక్‌హోలూ చెరపలేదు.

మింగడమా? మన పాలపుంత మధ్యలోని బ్లాక్‌హోల్ మనకి 26 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దాని గురుత్వం పెత్తనం చుట్టూ కొద్ది కాంతి సంవత్సరాలే, గెలాక్సీ వెడల్పేమో లక్ష. గట్టిగా తినే బ్లాక్‌హోల్ అయితే తన గెలాక్సీలోని వాయువుని బయటికి ఊదేసి, కొత్త నక్షత్రాల పుట్టుకని తగ్గించగలదు కూడా.

దాచడమంటారా, వెబ్ డేటా చాలావరకు ఏడాదిలోపే, కొంతైతే వచ్చిన వెంటనే, అందరికీ ఉచితంగా ఇచ్చేస్తున్నారు. మన టెన్త్ పిల్లలు కూడా తెరిచి చూడొచ్చు.