ట్రావెల్ ఇన్సూరెన్స్ నిజంగా దండగేనా?

విదేశీ యూనివర్సిటీల ఫాల్ ఇన్‌టేక్ (ఆగస్టు-సెప్టెంబరు అడ్మిషన్లు) దగ్గరపడితే చాలు, గుంటూరు బ్రాడీపేట నుంచి బెజవాడ బెంజ్ సర్కిల్ దాకా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఇదే మెసేజ్: "పిల్లలకు ఇన్సూరెన్స్ దండగ, అదంతా కన్సల్టెన్సీల కమిషన్ కోసమే. యూకేలో వైద్యం ఫ్రీ. అమెరికాలో ఎమర్జెన్సీ అంటే ఏ ఆస్పత్రీ కాదనదు. తప్పదంటే ఇక్కడే చవకది కొని యూనివర్సిటీ ప్లాన్ ఎగ్గొట్టండి. ఫారంలో పాత జబ్బులు రాయకండి."

కమిషన్ ఉంటుంది, కాదనను. అది నచ్చకపోతే కంపెనీ సైట్లో నేరుగా కొనుక్కోవచ్చు.

యూకేలో ఫ్రీ ఏమీ కాదు, డబ్బు ముందే కట్టించుకుంటారు. 2024 ఫిబ్రవరి నుంచి విద్యార్థి వీసాకు హెల్త్ సర్‌ఛార్జ్ ఏడాదికి 776 పౌండ్లు. అది కట్టాక కూడా పంటి వైద్యానికి, ఇంగ్లండ్‌లో మందుల చీటీకి మామూలుగా విడిగా కట్టాల్సిందే. మంచాన పడ్డ పిల్లవాణ్ణి గన్నవరం దాకా చేర్చే ఖర్చు ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య సేవ) ఇవ్వదు.

అమెరికా మాటలో సగమే నిజం. 1986 నాటి చట్టం ప్రకారం, డబ్బుందా లేదా అని చూడకుండా ఎమర్జెన్సీలో పరీక్షించాలి, పరిస్థితి నిలకడపడేదాకా చికిత్స చేయాలి. బిల్లు వేయొద్దని మాత్రం ఆ చట్టం చెప్పదు. ఇంటికొచ్చాక వేల డాలర్ల కాగితం పోస్టులో వస్తుంది.

చవక పాలసీ సంగతి. ఎఫ్-1 వీసాకు, అంటే అమెరికా విద్యార్థి వీసాకు, ఇన్సూరెన్స్ ఉండాలని ఫెడరల్ నిబంధన లేదు, అందుకే ఏ యూనివర్సిటీ రూల్ దానిది. వెయివర్ ఫారం (యూనివర్సిటీ ప్లాన్ వద్దని పెట్టుకునే దరఖాస్తు) తెరిచి పక్కన మీ పాలసీ పెట్టుకుని చూడండి: డిడక్టిబుల్ (కంపెనీ ఇచ్చే ముందు మన జేబు నుంచి కట్టేది) ఎంత, మానసిక వైద్యం కవరవుతుందా, పాత జబ్బులకు ఇస్తారా? మన చవక పాలసీలు తరచూ అక్కడే ఆగిపోతాయి. వెయివర్ రాకపోతే యూనివర్సిటీ ప్లాన్ డబ్బు ఫీజులో పడుతుంది, ఇక్కడ కట్టింది అదనం. జర్మనీలోనూ అంతే. ముప్పై లోపు విద్యార్థులకు అడ్మిషన్ దగ్గర ట్రావెల్ పాలసీ చెల్లదు, సాధారణంగా అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉండాలి. దిగిన రోజు నుంచి ఆ బీమా మొదలయ్యేదాకా మాత్రం ఇక్కడి పాలసీయే దిక్కు.

అసలు ఇక్కడి పాలసీ ఎందుకు కొనాలో ఆ మెసేజ్‌లో లేనే లేదు. పాస్‌పోర్టు పోవడం, సామాను దారి తప్పడం చిన్న విషయాలు. పొలం తాకట్టు పెట్టి పంపిన తండ్రికి ఏమైనా అయితే మిగిలిన ఫీజు ఇచ్చే స్పాన్సర్ క్లాజు కొన్ని పాలసీల్లో ఉంటుంది. సంతకానికి ముందు చదవాల్సింది అదే, ఎందుకంటే చాలాచోట్ల అది ప్రమాదాలకే, గుండెపోటుకు రాదు.

ఇక ఆస్తమానో థైరాయిడ్డో దాచమనే సలహా అన్నిటికంటే చెడ్డది. క్లెయిమ్ పెట్టిన రోజున పాత ప్రిస్క్రిప్షన్లు అడుగుతారు. దాచారని తేలితే పైసా ఇవ్వకుండా పాలసీయే రద్దు చేసే వీలుంది.