గొర్రుకు పరీక్ష

మొన్న కార్తీకంలో ఒంగోలు పక్కన ఒక నల్లరేగడి చేలో, శనగ విత్తే తొమ్మిది సాళ్ల ట్రాక్టరు గొర్రుకు పరీక్ష పెట్టారు. అంతకు ముందురోజే సిమెంటు గచ్చు మీద దాన్ని జాకీతో లేపి, చక్రాన్ని చేత్తో తిప్పి, ఒక్కో గొట్టానికి ఒక్కో సంచి కట్టి, రాలిన గింజలు తూచారు. తొమ్మిది సంచులూ ఇంచుమించు సమానం. గచ్చు మీద శనగ పండించే రైతులెవరైనా ఉంటే నిశ్చింతగా కొనుక్కోవచ్చు.

ఇక చేను. సాలుకూ సాలుకూ 30 సెంటీమీటర్లు, అంటే గొర్రు వెడల్పు 2.7 మీటర్లు. గంటకు 4 కిలోమీటర్లు నడిస్తే 2.7 ఎకరాలు విత్తాలి. మలుపులకు, పెట్టెలో గింజ పోయడానికి పట్టే సమయం తీసేస్తే మిగిలేదే అసలు సామర్థ్యమట. శాస్త్రానికి నాదొక విన్నపం: కొబ్బరికాయకు, శాలువాలకు, ‘ఇంకొక్క ఫోటో’కు పట్టే సమయాన్ని కూడా సూత్రంలో చేర్చాలి. ఆ రోజు అవన్నీ కలిపితే ఒంగోలు గిత్తల జతే ముందు గట్టుకు చేరేది.

గింజకూ గింజకూ 10 సెంటీమీటర్ల దూరం ఉండాలి. 15 దాటితే గింజ తప్పినట్టు, 5 లోపుంటే జంట పడినట్టు లెక్క. ఒక కుర్రవాడు మోకాళ్ల మీద కూర్చుని, మట్టి తీసి, స్కేలు పెట్టి కొలుస్తున్నాడు. వెనకాలే ఒక పెద్దమ్మ నడుస్తోంది. ఒకప్పుడు ఎడ్ల గొర్రు వెనక నడుస్తూ, జడ్డిగంలో, అంటే గింజలు పోసే కర్ర గిన్నెలో, గుప్పిటతో గింజ వదిలిన మనిషి.

“బాబూ, నాలుగో గొట్టంలో గింజ పడటం లేదయ్యా” అంది.

నేలలో తడి కాస్త ఎక్కువై, బంకమట్టి గొట్టం మూతికి బిగుసుకుపోయింది. కుర్రవాడు పట్టిక తిరగేశాడు.

“మనం కొలవాల్సింది రెండు, ఆరు, ఎనిమిది సాళ్లే పెద్దమ్మా.”

సాయంత్రానికి నివేదిక తయారైంది. మొలక గడిలో ‘సంతృప్తికరం’ అని ఉంది. శనగకు ఇంకా ఆ సంగతి తెలియదు, మొలవడానికి దానికి వారం కావాలి.

తొమ్మిదో రోజున అటు వెళ్లాను. చేను పొడవునా నున్నగా పాపిళ్లు. పెద్దమ్మ ఒడిలో శనగలు పోసుకుని, వేలితో గుంట చేసి, గింజ వేసి, మట్టి కప్పుతూ పోతోంది.

“కూలి ఎంత పెద్దమ్మా?”

“గొర్రుకు ఎంత ఇచ్చారో కనుక్కుని చెప్పు నాయనా, దాన్ని బట్టి అడుగుతాను.”