తొలి పరీక్షకే ఏళ్లు పడితే

నేలమీద కూర్చున్న నాలుగేళ్ల పిల్లవాడు లేవాలంటే ముందు బోర్లా తిరిగి, అరచేతులు నేలకు ఆనించి, ఆపైన తన మోకాళ్లనూ తొడలనూ పట్టుకుని ఒళ్లు పైకెత్తుకుంటాడు. మెట్లెక్కడానికి తడబడతాడు, పరుగెత్తబోయి పడిపోతాడు. పిక్కలు మాత్రం వయసుకు మించి బలిసి ఉంటాయి గనుక ఇంట్లో పెద్దలు దాన్ని పుష్టి అనుకుని మురిసిపోతారు. నిజానికి అక్కడ కండరం చచ్చి, దాని చోటును కొవ్వు, పీచు ఆక్రమిస్తున్నాయి. దాదాపు 3,500 నుంచి 5,000 మంది మగశిశువుల్లో ఒకరికి వచ్చే డుషేన్ కండర క్షీణత ఇది. చికిత్స అందకపోతే పన్నెండేళ్లు వచ్చేసరికి చాలామంది పిల్లలు చక్రాల కుర్చీకి పరిమితమవుతారు. ఆ తర్వాత ఊపిరి తీయించే కండరాలు, గుండె కండరం దెబ్బతింటాయి.

ఎక్స్ క్రోమోజోమ్‌పై 79 ఎక్సాన్లతో (ప్రొటీన్ తయారీకి పనికొచ్చే ముక్కలు), దాదాపు 22 లక్షల అక్షరాల పొడవున ఉండే డిస్ట్రఫిన్ జన్యువులో వచ్చే లోపమే దీనికి మూలం. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్ కండర తంతువు లోపలి అల్లికను దాని పైపొరతో కట్టి ఉంచుతుంది. అది లేనప్పుడు కండరం బిగిసిన ప్రతిసారీ పొర చిరుగుతుంది. 1987లోనే ఈ ప్రొటీన్‌ను గుర్తించి పేరు పెట్టినా, నేటికీ మన ఊళ్లలో ఎందరో పిల్లలకు జబ్బు పేరు తెలియడానికి ఏళ్లు పడుతోంది. ఈ ఆలస్యాన్ని తొలగించడం ప్రభుత్వాల చేతిలో ఉన్న పని అని మా నిశ్చితాభిప్రాయం.

దెబ్బతిన్న కండరం నుంచి రక్తంలోకి చేరే సీపీకే ఎంజైము ఎంతుందో చూసే తొలి పరీక్ష ఖరీదైనది కాదు, జిల్లా ఆసుపత్రిలో చేయదగినదే. అయితే నడక ఆలస్యమైన పిల్లవాడికి ఆ పరీక్ష రాయాలన్న ఆలోచన వైద్యుడికి రావాలి. కాలేయ పరీక్షల్లో చూసే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ఎంజైములు దెబ్బతిన్న కండరం నుంచి కూడా రక్తంలోకి చేరతాయి గనుక, ఆ అంకెలు చూసి కాలేయ వ్యాధి అనుకుని పిల్లవాడిని నెలల తరబడి తిప్పడం వైద్యులకు తెలియని సంగతి కాదు. జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు 2013 నుంచి అంగన్‌వాడీలకూ ప్రభుత్వ పాఠశాలలకూ వెళ్లి పిల్లలను చూస్తున్నాయి. పిల్లవాడిని నేలమీద కూర్చోబెట్టి లేవమనడానికి అర నిమిషం చాలు. తొడలు పట్టుకుని లేచిన ప్రతి బిడ్డకూ సీపీకే పరీక్ష తప్పనిసరి చేయాలి. స్టెరాయిడ్లు సకాలంలో మొదలుపెడితే నడక మరికొన్నేళ్లు నిలుస్తుంది కాబట్టి ఇక్కడ పోగొట్టుకున్న ప్రతి ఏడాదికీ మూల్యం చెల్లించేది ఆ బిడ్డే.

జబ్బు పేరు తెలిశాక ఇంట్లో మరో బాధ మొదలవుతుంది. మేనరికం చేసుకున్నందుకే ఇలా అయిందని కొందరు, కోడలి వైపు రక్తంలోనే లోపముందని మరికొందరు నిందిస్తారు. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం సంక్రమిస్తేనే వచ్చే కొన్ని లింబ్ గర్డిల్ (భుజాలు, తుంటి కండరాలను దెబ్బతీసే) రకాలకు మేనరికంతో సంబంధం ఉన్నమాట వాస్తవమే. మేనమామనూ బావనూ పెళ్లాడే ఆచారం ఇంకా ఉన్న మన రాష్ట్రాల్లో ఆ సంగతి దాచకుండా చెప్పాలి. డుషేన్ మాత్రం ఆ కోవలోది కాదు. ఇంచుమించు మూడింట ఒక వంతు పిల్లల్లో లోపం కొత్తగా పుడుతుంది, తల్లిలో ఉండదు. తల్లి వాహకురాలైన చోట, అంటే ఆ లోపాన్ని తన జన్యువులో మోస్తున్న చోట, ప్రతి మగబిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం సగం. ఆమెకు కూడా గుండె కండరం బలహీనపడే ముప్పు ఉంటుంది. నిందలు మోస్తున్న ఆ తల్లికి ఎకో పరీక్ష చేయించాలన్న ధ్యాస ఎందరికి ఉంది?

లోపం జన్యువులో కచ్చితంగా ఎక్కడుందో తెలియడం కూడా అంతే అవసరం. కణం జన్యులిపిని మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. పోయిన ముక్కలోని అక్షరాల సంఖ్య మూడుతో భాగించదగినదైతే మిగతా పాఠం నిలుస్తుంది, ప్రొటీన్ కురచైనా కొంత పని చేస్తుంది. జబ్బు సాధారణంగా తీవ్రత తగ్గిన బెకర్ రకంగా కనిపిస్తుంది. అలా కాకుంటే అక్కడి నుంచి లిపి అంతా తప్పుతుంది. 51వ ఎక్సాన్‌ను కణం చదవకుండా దాటవేయించి లిపిని మళ్లీ గాడిలో పెట్టే మందు ఆ లోపానికి సరిపోయే సుమారు 13 శాతం మందికే పనికొస్తుంది. అలాగని నివేదికలో కనిపించే ప్రతి మార్పూ జబ్బు కాదు. గుండె కండర ప్రొటీన్ ఒకదాని జన్యువులో 25 అక్షరాలు లోపించడం దక్షిణాసియా ప్రజల్లో సుమారు 4 శాతం మందిలో ఉందని హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న పరిశోధన 2009లో వెల్లడించింది. గుండె జబ్బు ముప్పులో ఎక్కువ భాగం దానితోపాటు మరో అరుదైన మార్పు ఉన్నవారిదేనని ఆ తర్వాతి అధ్యయనాలు సూచించాయి. మన జనాభా జన్యు సమాచారం మన దగ్గర లేకపోతే ఇలాంటి తేడా తేల్చలేం.

2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం డుషేన్‌ను చికిత్స ఉన్నా అది చాలా ఖరీదైన జబ్బుల మూడో వర్గంలో చేర్చింది. ఆ విధానం కింద రూ.50 లక్షల వరకు సాయం అందుతుంది. విదేశాల్లో జన్యు చికిత్స ధర 32 లక్షల డాలర్లు. పైగా నడక కోల్పోయిన ఇద్దరు బాలురు ఆ చికిత్స తర్వాత 2025లో కాలేయ వైఫల్యంతో మరణించారు. ఆంధ్రప్రదేశ్ తీవ్ర కండర క్షీణత ఉన్నవారికి నెలకు రూ.15,000 పింఛను ఇస్తుండటం మెచ్చదగినదే. పింఛను అందేనాటికి మాత్రం బిడ్డ మంచానికి పరిమితమై ఉంటాడు. హైదరాబాద్‌లో డీఎన్ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆసుపత్రి కలిసి అరుదైన వ్యాధుల ప్రత్యేక కేంద్రంగా పనిచేస్తున్నాయి. జిల్లాల నుంచి రక్త నమూనాలు అక్కడికి చేరే ఏర్పాటు రెండు రాష్ట్రాలూ చేయాలి. ముందు జన్యువులో పోయిన లేదా రెట్టించిన ముక్కలను పట్టే ఎంఎల్‌పీఏ పరీక్ష, అందులో తేలకపోతే జన్యుక్రమ పరీక్ష ఉచితంగా జరగాలి. ఫలితం కాగితం చేతిలో పెట్టి పంపకుండా, తెలుగులో కూర్చోబెట్టి వివరించే జన్యు సలహాదారు ఉండాలి. తల్లికీ ఆమె అక్కచెల్లెళ్లకూ వెంటనే, బిడ్డ సోదరికి యుక్తవయసు వచ్చాక ఆమె ఇష్టప్రకారం, వాహక పరీక్ష చేయించే బాధ్యత కూడా ఆ కేంద్రమే తీసుకోవాలి.