మథిల్డేకు శ్రీముఖం

అంగారకుడికీ గురువుకీ మధ్య ఉన్న గ్రహశకలాల పట్టీలో క్రమశిక్షణ బొత్తిగా సన్నగిల్లింది. అడిగే నాథుడు లేడు. 253వ నంబరు మథిల్డే వ్యవహారమే చూడండి.

1885 నవంబరు 12న వియన్నాలో యోహాన్ పాలిజా దీన్ని కనిపెట్టాడు. ఖగోళ శాస్త్రవేత్త మోరిస్ లోవీ గారి భార్య పేరు పెట్టారంటారు కాబట్టి ‘ఈవిడ’ అనే అందాం. ఈవిడ సర్వీసు రికార్డు చదివితే ఎవరికైనా తల తిరుగుతుంది. ఈవిడే తిరగదు. తన చుట్టూ తాను ఒక్కసారి తిరగడానికి దాదాపు 418 గంటలు, అంటే 17 రోజుల పైమాటే. తోటి శకలాల్లో చాలావాటికి ఇది కొన్ని గంటల పని. సూర్యుడి చుట్టూ మాత్రం 4.3 ఏళ్లకో చుట్టు ఠంచనుగా పూర్తవుతుంది. హాజరుపట్టీలో సంతకానికి లోటు లేదన్నమాట.

1997 జూన్ 27న నాసా వారి నియర్ నౌక తనిఖీకి వెళ్లింది. 1,212 కిలోమీటర్ల దూరం నుంచి 500కు పైగా ఫొటోలు తీసింది. గంటకు ఒక్క డిగ్రీ కూడా తిరగని మనిషి రెండో వైపు ఎప్పుడు చూపించేను? ఆ ఫైలు నేటికీ తెరుచుకోలేదు.

పడిన వెలుతురులో నూటికి నాలుగు పాళ్లే వెనక్కి ఇస్తుంది. మిగతాదంతా వేడి కింద ఖర్చు రాసేస్తుంది. బొగ్గులాంటి ఈ నలుపు చూసే అక్కడి గుంతలకు దామోదర్, కరూ అంటూ బొగ్గు క్షేత్రాల పేర్లు పెట్టారు.

అసలు కుంభకోణం లోపల ఉంది. సాంద్రత నీటికి 1.3 రెట్లే. రాయికి ఇది మరీ తక్కువ, సగం దాకా డొల్లేనని అంచనా. సగటు వ్యాసం 53 కిలోమీటర్లయితే, ఒక్క కరూ గుంతే 33 కిలోమీటర్లు. ఆ సైజువి ఇంకా ఉన్నాయి. గట్టి రాయి అయితే ఈ దెబ్బలకు ఎప్పుడో ముక్కలయ్యేది. ఇక్కడ లోపలి ఖాళీ వల్ల తగిలినచోటే నలిగి ఊరుకుంది, పక్క గుంత అంచు కూడా చెదరలేదని శాస్త్రవేత్తల వివరణ. అంటే ఒళ్లు గట్టిగా ఉంచుకున్నవి పగిలిపోవాలి, డొల్ల మాత్రం పదవిలో పదిలంగా ఉండాలి! సౌర కుటుంబంలో ఇంతకంటే చెడ్డ సంప్రదాయం మరొకటి లేదు.

ఇక ఉపేక్షించేది లేదు. శ్రీముఖం సిద్ధమైంది. చిక్కల్లా గడువు దగ్గరే వచ్చింది. 15 రోజుల్లో సంజాయిషీ ఇమ్మంటే, ఆ 15 రోజులూ అయ్యేసరికి అక్కడ ఒక్క రోజు కూడా పూర్తవదు. ‘ఇవాళే కదా అందింది’ అంటే ఏం చేస్తాం?