ముందు ఆ కేబుల్ పీకండి, తర్వాత లినక్స్‌ని తిట్టండి

ఇప్పుడే ఒక గ్రూపులో చూశా. ఒక కుర్రాడు అడుగుతున్నాడు: "అన్నా, నా పీసీలో రెండు ఎస్‌ఎస్‌డీలు. ఒకదాంట్లో విండోస్, రెండోదాంట్లో లినక్స్ మింట్. విండోస్ ఎస్‌ఎస్‌డీ తీసి చెల్లి ల్యాప్‌టాప్‌లో పెట్టి ఫార్మాట్ కొట్టా. ఇప్పుడు ఇక్కడ మింట్ కూడా రావట్లేదు. బూట్ డివైస్ లేదంటోంది." దానికి మొట్టమొదటి సమాధానం: "లినక్స్ అంతే బ్రో. విండోస్ వేసేసుకో." దాని కింద లైకులే లైకులు.

ఒళ్లు మండిపోయింది.

ఆ కుర్రాడు చేసిందాంట్లో తప్పేం లేదు. తప్పంతా వాడికి పాఠం చెప్పిన వీడియోది. "పది నిమిషాల్లో డ్యూయల్ బూట్" (అంటే ఒకే పీసీలో విండోస్, లినక్స్ అని రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు) అని తెలుగులో ఉన్న ఏ వీడియో అయినా తీయండి. మొదటి రెండు నిమిషాలు గంట కొట్టమని బతిమాలడం. ఆ తర్వాత "సెకండ్ డ్రైవ్ సెలెక్ట్ చేస్కోండి ఫ్రెండ్స్, నెక్స్ట్, నెక్స్ట్, అంతే ఫ్రెండ్స్." అంతేనట! లినక్స్ వేసే ముందు కంప్యూటర్ ఆపి, విండోస్ డ్రైవ్ కేబుల్ పీకి పక్కన పెట్టమన్న ఒక్క ముక్క చెప్పడానికి మాత్రం నోరు రాదు.

ఎందుకు పీకాలి? ఇప్పటి యూఈఎఫ్‌ఐ (పాత బయోస్‌కి కొత్త రూపం) మెషీన్లలో బూట్‌లోడర్, అంటే స్విచ్ వేయగానే విండోస్‌నో లినక్స్‌నో లేపే ప్రోగ్రామ్, ఉండేది ఈఎస్‌పీ (ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్) అనే చిన్న ఫ్యాట్32 పార్టిషన్‌లో. విండోస్ తన డ్రైవ్‌లో మామూలుగా 100 ఎంబీది ఒకటి చేసుకుంటుంది. ఇక మింట్ వేసేటప్పుడు, పార్టిషన్లు మనమే చేసుకునే "సమ్‌థింగ్ ఎల్స్" పేజీలో అడుగున ఒక డ్రాప్‌డౌన్ ఉంటుంది, బూట్‌లోడర్ ఏ డ్రైవ్‌లో వేయాలని. మీరు బుద్ధిగా రెండో డ్రైవ్ ఎంచుకుంటారు. ఇన్‌స్టాలర్ బుద్ధిగా తలూపుతుంది. ఊపి, తనకు ముందు కనబడ్డ ఈఎస్‌పీలో, అంటే విండోస్ డ్రైవ్‌లో పెట్టేసి వస్తుంది. ఇదేం రహస్యం కాదు. యుబిక్విటీ అనే ఆ ఇన్‌స్టాలర్ మీద 2014లోనే ఉబుంటు వాళ్ల లాంచ్‌ప్యాడ్ సైట్‌లో బగ్ రాసి పెట్టారు. మింట్ 22లో ఉన్నదీ ఆ యుబిక్విటీయే. ఇల్లు మీ స్థలంలోనే కట్టారు, తాళంచెవి మాత్రం పక్కింటి గూట్లో పెట్టారు. పక్కింటివాళ్లు సామాను సర్దుకుని పోయిన రోజు మీరు వీధిలో నిలబడాలి. ఆ కుర్రాడు ఇప్పుడు నిలబడ్డది అక్కడే.

కేబుల్ పీకితే ఈ గొడవే ఉండదు. సాటా డ్రైవ్ అయితే ఏడు పిన్నుల డేటా కేబుల్ ఒక్కటి లాగితే చాలు, పవర్ కేబుల్ ముట్టుకోనక్కర్లేదు. స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని అప్పుడు చెయ్యి పెట్టండి. ఎం.2 అయితే ఒక్క స్క్రూ. విప్పగానే కార్డు ఏటవాలుగా పైకి లేస్తుంది, మెల్లగా లాగడమే. ఆ స్క్రూ మాత్రం గింజంత ఉంటుంది, మదర్‌బోర్డు మీద జారిందంటే టార్చ్ వేసుకుని వెతుక్కోవాలి. ల్యాప్‌టాప్ అయితే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. కొన్ని బోర్డుల్లో బయోస్‌లోంచే ఆ పోర్ట్ ఆపేయొచ్చు, అది ఇంకా సుఖం.

ఇంకో లాభం ఉంది. ఇన్‌స్టాలర్‌లో అందరూ భయపడే బటన్ "ఎరేజ్ డిస్క్". ఉన్నదే ఒక్క డిస్కైతే భయం దేనికి? ధైర్యంగా నొక్కండి. ఈఎస్‌పీతో సహా అన్నీ ఆ డ్రైవ్‌లోనే అదే చేసుకుంటుంది. ఒకే కంపెనీవి, ఒకే 500 జీబీవి రెండు డ్రైవులు కొని, ఇది ఎస్‌డీఏనా అది ఎస్‌డీబీనా అని జాతకాలు చూసే పని తప్పుతుంది. (దయచేసి వేరు వేరు సైజులు కొనుక్కోండి. లినక్స్‌లో ఆ పేర్లు ఒక బూట్‌కీ ఇంకో బూట్‌కీ తారుమారు కావచ్చు. సైజు మారదు.)

పీకడం కుదరదా? లైవ్ యూఎస్‌బీలో (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిచే పెన్‌డ్రైవ్) జీపార్టెడ్ అనే పార్టిషన్ల టూల్ తెరిచి, విండోస్ ఈఎస్‌పీ మీద ఉన్న "బూట్", "ఈఎస్‌పీ" ఫ్లాగులు తీసేసి, అప్పుడు ఇన్‌స్టాలర్ నడపండి. రెండో డ్రైవ్‌లో మీ ఈఎస్‌పీ మీరే చేయండి, 512 ఎంబీ చాలు. పని అయ్యాక విండోస్‌వి మళ్లీ పెట్టేయండి. ఇది మర్చిపోయేవాళ్లే ఎక్కువ, అందుకే నా ఓటు కేబుల్‌కే.

అంతా అయ్యాక కేబుల్ పెట్టండి. ఇక్కడ ఇంకో గోల: "గ్రబ్‌లో విండోస్ కనపడట్లేదు అన్నా." గ్రబ్ అంటే లినక్స్ బూట్‌లోడర్. దాని 2.06 నుంచి, వేరే సిస్టమ్‌లని వెతికే ఓఎస్-ప్రోబర్ మామూలుగా ఆఫ్‌లో వస్తోంది, కావాలంటే గ్రబ్ సెట్టింగుల ఫైల్లో ఆన్ చేసుకోవాలి. అసలెందుకు చేసుకోవాలి? రెండు డ్రైవులు కొన్నదే ఒకదాని జోలికి ఇంకోటి పోకూడదని. స్విచ్ వేయగానే డెల్, లెనోవో, గిగాబైట్ అయితే ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, ఎంఎస్‌ఐకి ఎఫ్11, ఆసుస్ డెస్క్‌టాప్ బోర్డుకి ఎఫ్8. వచ్చే బూట్ మెనూలో ఏది కావాలో అది. బిట్‌లాకర్ (డ్రైవ్‌కి వేసే విండోస్ తాళం) ఉన్న విండోస్‌ని గ్రబ్ దారిలో పిలిస్తే 48 అంకెల రికవరీ కీ అడిగే ప్రమాదం ఉంది. ఆ కీ ఎక్కడుందో మీకు తెలుసా? తెలీదు కదా. ముందు అది రాసి పెట్టుకోండి, స్క్రూడ్రైవర్ తర్వాత.

గడియారం సంగతి చెప్పకపోతే నాకు ఈ రాత్రి నిద్ర పట్టదు. లినక్స్ మదర్‌బోర్డు గడియారాన్ని యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, పెడుతుంది. విండోస్ దాన్నే లోకల్ టైమ్ అనుకుంటుంది. కాబట్టి మన దేశంలో సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి. మధ్యాహ్నం మూడైతే విండోస్‌లో పొద్దున తొమ్మిదిన్నర. దీన్ని షాపుకి తీసుకెళ్తే ఏమంటారు? "బ్యాటరీ పోయింది సార్." సీఆర్2032 బిళ్ల మార్చి డబ్బులు పుచ్చుకుంటారు, రెండ్రోజులకి మళ్లీ తొమ్మిదిన్నర. బాబూ, బ్యాటరీ పోతే తేదీ ఏ పాత సంవత్సరానికో పోతుంది. క్రమశిక్షణగా ఐదున్నర గంటలే తేడా చూపించే చచ్చిన బ్యాటరీ ప్రపంచంలో లేదు! లినక్స్ టెర్మినల్‌లో "టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1" అన్న ఒక్క లైను, పైసా ఖర్చు లేదు. నేర్చుకుంటే మరి బిళ్లలెలా అమ్ముడుపోతాయి?

ఏం జరిగినా నింద మాత్రం లినక్స్‌కే. 2024 ఆగస్టు 13న ఏం జరిగిందో మర్చిపోయారా? విండోస్ అప్‌డేట్ ఒకటి దిగింది. పాత, లోపాలున్న బూట్‌లోడర్లని సెక్యూర్ బూట్ (నమ్మకమైన బూట్‌లోడర్‌నే నడవనిచ్చే కాపలా) ఆపేసేలా ఎస్‌బ్యాట్ అనే జాబితాని అది మార్చింది. డ్యూయల్ బూట్ ఉన్న మెషీన్లకి ఆ మార్పు తగలదని మైక్రోసాఫ్టే చెప్పింది. తగిలింది. లినక్స్ వైపు వెళ్లబోతే "ఏదో ఘోరంగా తప్పు జరిగింది" అని ఇంగ్లిష్‌లో ఒక లైను చూపించి మెషీన్ ఆగిపోయేది. సెక్యూర్ బూట్ ఆపి, లినక్స్‌లోకి వెళ్లి, మోక్‌యుటిల్ అనే కమాండ్‌తో ఆ పాలసీ తీసేసి, రీస్టార్ట్ చేసి మరోసారి లినక్స్‌లోకి వెళ్లి, అప్పుడు సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చేసుకోవాలి. పూర్తి దిద్దుబాటు 2025 మే అప్‌డేట్‌లో వచ్చింది. తొమ్మిది నెలలు! అప్పుడు ఒక్కడైనా "విండోస్ అంతే బ్రో" అన్నాడా? డ్రైవులు రెండైనా సెక్యూర్ బూట్ జాబితా ఉండేది మదర్‌బోర్డులో కాబట్టి ఆ దెబ్బకి కేబుల్ పీకినా లాభం లేదు, అది వేరే ఏడుపు.

సరే, ఆ కుర్రాడికి. తమ్ముడూ, నీ మింట్ ఎక్కడికీ పోలేదు, ఫైళ్లన్నీ ఉన్నాయి. మింట్ యూఎస్‌బీని యూఈఎఫ్‌ఐ మోడ్‌లోనే బూట్ చెయ్. జీపార్టెడ్‌లో మింట్ పార్టిషన్ చివర 512 ఎంబీ కుదించి, అక్కడ ఫ్యాట్32 పార్టిషన్ చేసి, ఈఎస్‌పీ ఫ్లాగ్ పెట్టు. పాత సిస్టమ్‌ని మౌంట్ చేసి, కొత్త పార్టిషన్‌ని దాని బూట్ ఫోల్డర్‌లోని ఈఎఫ్‌ఐ దగ్గర మౌంట్ చేసి, సీహెచ్‌రూట్‌తో ఆ పాత సిస్టమ్ లోపలికి వెళ్లి గ్రబ్-ఇన్‌స్టాల్, తర్వాత అప్‌డేట్-గ్రబ్ కమాండ్లు కొట్టు. ఏ పార్టిషన్ ఎక్కడ మౌంట్ కావాలో రాసుండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో, ఈఎఫ్‌ఐ లైన్లో ఉన్న పాత యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు నంబరు) తీసి కొత్తది రాయడం మర్చిపోకు. మర్చిపోయావంటే బూట్ మధ్యలో తొంభై సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో దిగబడుతుంది, అప్పుడు నువ్వు కూడా "లినక్స్ అంతే" అంటావు.

ఇక ఆ లైకులు కొట్టించుకున్న బ్రోకి. విండోస్ సెటప్‌ది కూడా ఇదే బుద్ధి, వేరే డ్రైవ్‌లో ఈఎస్‌పీ కనబడితే తన బూట్ ఫైళ్లు అక్కడ పడేస్తుంది. మీ పీసీలోనూ రెండు డ్రైవులు ఉంటే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, "ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్" అన్నది సీ డ్రైవ్ ఉన్న వరసలోనే ఉందో లేదో చూసి వచ్చి ఇక్కడ కామెంట్ పెట్టండి.