అమ్మబోయే ఇంటికి మాడ్యులర్ కిచెన్ ఎందుకండీ?

విశాఖ ఎంవీపీ కాలనీలో మా అమ్మ ఉంటున్న ఫ్లాటు అమ్మకానికి పెడదామనుకున్న రోజు నుంచి ఒకటే మాట వింటున్నాను. "కిచెన్ మరీ పాతదైపోయింది, మార్పిస్తేనే రేటు వస్తుంది." చుట్టాలు అన్నారు, పక్క ఫ్లాటు ఆంటీ అన్నారు, బ్రోకరైతే ఫోన్ చేసినప్పుడల్లా అన్నాడు. సరేనని ఒక ఇంటీరియర్ సంస్థను పిలిచాం. అరగంట టేపు పెట్టి కొలుచుకుని వెళ్ళి 3,85,000 రూపాయలకు ఎస్టిమేటు పంపారు. జీఎస్టీ అదనం. ఆ రాత్రి అమ్మ నెమ్మదిగా, "నా గొలుసు ఉంది కదే, బ్యాంకులో పెడదామా?" అంది.

డెబ్భై ఏళ్ళ మనిషి. ఇక తను వండబోని వంటింటి కోసం మెళ్ళో గొలుసు తాకట్టు పెడతానంటోంది. నాకు వచ్చిన కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

ఇల్లు 1998లో కొన్నది. నల్ల గ్రానైటు గట్టు, కింద కడప రాళ్ళ అరలు, పొయ్యి వెనక నాలుగంగుళాల తెల్ల టైల్స్. పాతవే, కాదనను. కానీ మన ఊళ్ళో ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు ముందు ఏం చూస్తారో గమనించారా? ఫోన్లో దిక్సూచి తీస్తారు. వంటిల్లు ఆగ్నేయంలో ఉందా, పొయ్యి ముందు నిలబడితే ముఖం తూర్పుకు ఉంటుందా, సింకు ఎటు వచ్చింది, ఇవీ ప్రశ్నలు. వాళ్ళ సిద్ధాంతి ఒప్పుకోకపోతే గట్టు పగలగొట్టి మరీ మార్చుకుంటారు. ఇక లోను ఇచ్చే బ్యాంకు తరఫున వచ్చే ఇంజనీరు చూసేది చదరపు అడుగులు, బిల్డింగు వయసు, స్థలంలో మన వాటా, ఆ ఏరియా రేటు. మెత్తగా మూసుకునే డ్రాయర్లకు పెట్టిన లక్షలు ఆ లెక్కలో ఎక్కడా తేలవు.

ఎస్టిమేటు వేసినతను చెప్పిన ఒక మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. సింకు పక్క గోడ చెమ్మెక్కి, ఉప్పు తేలి, పెచ్చులు ఊడుతోంది. అది చూపిస్తే, "పీవీసీ షీటు వేసేస్తాం మేడమ్, గోడే కనపడదు" అన్నాడు. కనపడకపోతే చాలా? రేపు కొనేది మనలాంటి వాళ్ళే కదా, ఇరవై ఏళ్ళు ఈఎంఐ కట్టేవాళ్ళు. చెమ్మను షీటు వెనక దాచి వాళ్ళ చేతిలో పెట్టడం మోసం. మా నాన్న ఉంటే అతన్ని గుమ్మం కూడా దాటనిచ్చేవారు కాదు.

కంచరపాలెం నుంచి మాకు ఎప్పటినుంచో తెలిసిన ప్లంబరును పిలిచాను. సింకు కింద తలుపు పట్టుకోగానే కబ్జా ఊడి అతని చేతిలోకొచ్చింది. సముద్రం కూతవేటు దూరం, ఉప్పుగాలికి ఇనుము నిలుస్తుందా? లోపల చెక్క అట్టు పొంగినట్టు పొంగిపోయి ఉంది. టార్చి వేసి, గోడలోకి పోయే పాత జీఐ పైపు, అంటే జింకు పూత ఇనుప పైపు మీద గోరుతో గీశాడు. తుప్పు పొరలు పొరలుగా రాలింది, దాని వెనకే చిన్న నీటి బొట్టు. "ఇది తియ్యకుండా పైన ఎన్ని సోకులు సేసినా ఏటి లాభం అమ్మా?" అన్నాడు. ఆ పైపు తీసి సీపీవీసీ ప్లాస్టిక్ పైపు వేసి, సింకు కింద ట్రాపు (వంపు గొట్టం) మార్చడానికి 6,800 అయింది. గోడను మూడు వారాలు ఆరనిచ్చాకే రంగు వేయించాం. ఈ మూడు వారాలూ ఓపిక పట్టండి, తడి మీద వేసిన రంగు పొక్కులొచ్చి మళ్ళీ ఊడిపోతుంది.

కిటికీ సంగతి చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టినప్పుడు వంటింటి కిటికీ పైభాగం అద్దాలు పగిలిపోయాయి. నాన్న ప్లైవుడ్ ముక్క కొట్టారు, తాత్కాలికంగానే. అది అలాగే ఉండిపోయింది, ఆ వంటింట్లో పగలు కూడా లైటు వేసుకునే బతికాం. ఆ ముక్క తీసి అద్దం పెట్టించడానికి 4,500. మర్నాడు పొద్దున ఎండ నేరుగా గట్టు మీద పడితే అమ్మ ఆ గ్రానైటు మీద చెయ్యి పెట్టుకుని కాసేపు నిలబడిపోయింది. ఆ టైల్స్ తెల్లవేనని మా అందరికీ అప్పుడే గుర్తొచ్చింది. చాకలి సోడా వేడినీళ్ళలో కలిపి జిడ్డంతా తోమించి, సందుల్లో నీళ్ళు పీల్చని ఎపాక్సీ గ్రౌటు పెట్టించాం.

కరెంటు మీద మాత్రం పిసినారితనం వద్దు. మా ఇంట్లో ఒకే 6 ఆంపియర్ల ప్లగ్గు, దానికి ఎక్స్‌టెన్షన్ బాక్సు, దాని మీద మిక్సీ, ఇండక్షన్ స్టవ్వు. 2,000 వాట్ల స్టవ్వు దగ్గరదగ్గర 9 ఆంపియర్లు లాగుతుంది. ఇన్నాళ్ళు ఏమీ కాకపోవడం మా అదృష్టం. విడిగా వైరు లాగి 16 ఆంపియర్ల పాయింట్లు పెట్టించాం.

సింకు 304 గ్రేడు స్టీలే అడగండి, ఈ ఊరి గాలికి చవకరకం 202 గ్రేడు త్వరగా మచ్చలు పడుతుంది. అయస్కాంతం అంటుకోలేదు కాబట్టి మంచిదే అని కొట్టువాడంటే నమ్మొద్దు, 202 కూడా మామూలుగా అంటుకోదు. సింకు కింద తలుపులకు నీళ్ళకు తట్టుకునే, ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ వాడాం, మిగతావాటికి కబ్జాలు మార్చి రంగేయించామంతే.

అన్నీ కలిపి 46,500. గొలుసు అమ్మ మెళ్ళోనే ఉంది.

పోయిన ఆదివారం గాజువాక నుంచి ఒక జంట వచ్చారు. ఆ అమ్మాయి కుళాయి తిప్పి నీళ్ళు వదిలి, వంగి సింకు కింద గోడకు అరచెయ్యి ఆనించి చూసింది. పైపు కారిన సంగతి, మార్పించిన సంగతి అమ్మ ఏదీ దాచకుండా చెప్పింది. "వంటిల్లు బాగుంది ఆంటీ, కానీ మా మావయ్యగారు పొయ్యి అటు తిప్పాలంటున్నారు. గట్టు ఎలాగూ కొట్టించేస్తాం" అంది ఆ పిల్ల. రేటు దగ్గర పెద్ద పేచీ పెట్టలేదు, అడ్వాన్సు ఇచ్చారు. వెళ్తూ వెళ్తూ ప్లంబరు నంబరు రాసుకుంది.